రుమాలు మీది రెండు ఓడలు

మా బావ పోయాడన్న కబురు వచ్చినప్పుడు నా చేతిలో మిఠాయి డబ్బా ఉంది. హైదరాబాద్‌లోని పెద్ద దవాఖాన వరండాలో ఉన్నాను. లోపల డాక్టరమ్మ అప్పుడే నా బిడ్డ కాగితాలన్నీ చూసి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "ఇక నువ్వు ఇక్కడికి రానక్కర్లేదమ్మా" అని చెప్పింది. ఐదేళ్లుగా ఎదురుచూసిన మాట అది. నేను బయటికి ఉరికి, ఎదురొచ్చిన ప్రతి మనిషి చేతిలో కోవా బిళ్ల పెడుతున్నాను. ఊడ్చే అమ్మకు పెట్టాను. గేటు దగ్గరి మనిషికి పెట్టాను. కట్టు కట్టుకొని కుంటుతూ పోతున్న ఒక పెద్దమనిషిని ఆపి మరీ పెట్టాను.

అప్పుడు ఫోన్ మోగింది. బావ భార్య. ఆమెను నేను అక్క అంటాను.

"మీ బావ పొయిండు తమ్మీ. పొద్దుగాల చాయ తాగిండు. మగ్గం దిక్కు మొఖం పెట్టి పండుకున్నడు. మళ్ల లేవలే." ఏడుపు ఆపుకొని ఒక మాట అడిగింది. "పిల్లకేమన్నరు?"

"మంచిగున్నదన్నరక్కా. ఇగ రావద్దన్నరు."

"గా ఒక్క మాట ఇనకుంటనే పాయె గదా!" అని, అప్పుడు ఏడ్చింది.

నా నోట్లో కోవా ఇంకా కరగలేదు. మింగాలో ఉమ్మాలో తెలియలేదు. ఇది రాస్తున్న ఈ రోజుకీ నా పరిస్థితి అదే. నా బిడ్డ బతికింది. ఆ మాట ఎన్నిసార్లు రాసినా నాకు తనివి తీరడం లేదు. బతికింది, బతికింది. చావు గురించి రాసే కాగితంలో ఇంత సంతోషం రాయకూడదేమో. కానీ మా బావ గురించి రాయాలంటే రెండూ కలిపే రాయాలి. విడదీసి రాయడం నాకు చేతకాదు. నేను ఏడో తరగతి చదివినవాణ్ణి.

బావ నా భార్యకు అన్న. ఆయనా నన్ను బావా అనే పిలిచేవాడు. భువనగిరి దిక్కున, మేమంతా పుట్టి పెరిగిన నేతగాళ్ల ఊళ్లోనే ఉండిపోయాడు. నా బిడ్డ చిన్నగా ఉన్నప్పుడే నేను మగ్గం విప్పేసి షాద్‌నగర్‌లో ప్లాస్టిక్ పైపుల కంపెనీలో చేరాను. బావ విప్పలేదు. కలిసినప్పుడల్లా "ఏం పైపుల బావా, నీ పైపుకు అంచు ఏం రంగు వేస్తున్నరు?" అని ఎగతాళి చేసేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. మేనకోడల్ని "కోడలా" అని పిలిచేవాడు, ఇంటి పెత్తనమంతా దానిదే అన్నట్టు.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఏ బట్ట కనబడినా దాని అంచు రెండు వేళ్ల మధ్య రుద్ది చూసేవాడు. పెళ్లిలో పెళ్లికొడుకు పంచె, బస్సులో పక్కవాడి లుంగీ, చివరికి దవాఖానలో డాక్టరు గారి తెల్ల కోటు కూడా. "సారు మంచోడే గని కోటు దారం సచ్చిపోయింది" అని తీర్పు చెప్పేవాడు. నా భార్య సిగ్గుతో తల దించుకునేది.

నా బిడ్డ పదో తరగతిలో ఉండగా జ్వరం వచ్చి తగ్గలేదు. ఒంటి మీద నీలం మచ్చలు లేచాయి. షాద్‌నగర్ డాక్టరు రక్తం పరీక్ష చేయించి, మా మొహం చూడకుండానే హైదరాబాద్ తీసుకుపొమ్మన్నాడు. రక్త క్యాన్సర్. ఆ పేరు మా ఇంట్లో ఎవరమూ పలకలేదు. "అది" అనేవాళ్లం. అది తగ్గుతుంది, అది పోతుంది, అని.

వార్డులో పడుకొని పిల్ల ఫోన్‌లో ఏదో ఆట చూసేది. దానికి సొంతంగా కొంత కలిపి ఒక కథ అల్లుకుంది. నాకు అర్థమైనంత చెప్తాను. చుక్కలకు అవతల చీకట్లో ముసలి మరలు, అంటే యంత్రాలు, నిద్రపోతూ ఉంటాయి. వాటిని ఎవరు చేశారో కూడా ఎవరికీ తెలియదు, అంత పాతవి. లోకాలన్నీ మనుషులతో నిండి, అందరూ బాగుపడ్డామని అనుకునే వేళకు అవి లేస్తాయి. వరి కోసినట్టు అందరినీ కోసేసి, మళ్లీ వెళ్లి పడుకుంటాయి. ఈ సంగతి ముందే పసిగట్టిన కొందరు పెద్ద ఓడలెక్కి, వందల ఏళ్లు నిద్రపోతూ ప్రయాణం చేసి, ఇంకో గెలాక్సీకి చేరుకుంటారు. గెలాక్సీ అంటే మన సూర్యుడూ, మనకు కనబడే చుక్కలూ అన్నీ ఉన్న గుంపు అట. అలాంటి గుంపులు ఇంకా ఉన్నాయట. అక్కడ ఇళ్లు కట్టుకుంటారు. కథ అయిపోతుంది. పిల్ల ప్రశ్న అక్కడ మొదలయ్యేది. ఆ మరలు అక్కడికి కూడా వెంబడించి వస్తాయా?

అందరినీ అడిగింది. వాళ్లమ్మ "రావు బిడ్డా, ఎందుకొస్తయ్" అంది. నర్సమ్మ "ఆటే కదరా, రావులే" అంది. నేను "గంత దూరం రావాల్నంటే డీజిలుండొద్దా" అని నవ్వించబోయాను. అందరి మాటకూ తల ఊపేది. తల ఊపి గోడ వైపు తిరిగి పడుకునేది. తిండి తగ్గించింది.

ఒక ఆదివారం బావ జొన్న రొట్టెలు కట్టుకొని బస్సులో వచ్చాడు. స్టూలు లాక్కొని కూర్చొని, ముందు దుప్పటి అంచు రుద్ది చూశాడు. "మర బట్ట" అని, చేత్తో నేసింది కాదన్నట్టు పక్కకు జరిపి, "ఏం కోడలా, ఏవో మరలంటున్నవట?" అన్నాడు.

పిల్ల కథ చెప్పింది. ప్రశ్న అడిగింది. బావ స్టూలు ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాడు.

"ఎంత దూరం?"

"వందల ఏండ్లు నిద్రపోతే గని రాదు మామా."

"పోయేటప్పుడు మరలు జూసినయా?"

"లేదు. అవి లేవకముందే పోయిండ్రు."

"పోయే జాగ ఎవలకన్న జెప్పిండ్రా?"

పిల్ల ఆలోచించింది. "ఎనక ఉన్నోళ్లకు ఎర్కే. వాళ్లను పట్టుకుంటే మరలకు తెలుస్తది."

"ఆఁ. మరి వాటికి ఆకలైతదా? మనుషుల్ని తింటయా?"

"ఆకలి గాదు మామా. వాటి పనే అది. ఒక్కరు గూడ మిగలొద్దని."

బావ గడ్డం గోక్కున్నాడు. "ఆకలి కోసమైతే రావు. కడుపు నిండినంక గంత దూరం ఎవలు తిరుగుతరు? గని పనే అదంటున్నవ్. పని అయితే ఒక్క పోగు గూడ ఇడువరు. నాకైతే వస్తయనే అనిపిస్తున్నది."

బావ చేయి పట్టి వరండాలోకి లాక్కుపోయాను. "తెలివుండే మాట్లాడుతున్నవా బావా? పసిది అది. రావు అంటే నీ సొమ్మేం పాయె?"

"అది మరల గురించి అడుగుతలేదు బావా."

"మరి?"

"ఇన్ని మందులు ఎక్కించుకుంటున్న, ఇంత దూరం పోతున్న, అది మళ్ల నా ఎనకాలొస్తదా అని అడుగుతున్నది. నువ్వు రాదన్నవ్. నీకెట్ల ఎర్క? నీకు ఎర్క లేదని దానికి ఎర్కే. గందుకే గోడ దిక్కు తిరిగింది." లోపలి మంచం దిక్కు చూసి, "భయాన్ని ఒక్కదాన్నే కూసోబెట్టొద్దు బావా. దాని పక్కన మనం గూడ కూసోవాలె" అన్నాడు.

మేము లోపలికి వచ్చేసరికి పిల్ల లేచి దిండుకు ఆనుకొని కూర్చుంది. "మామా, అవి ఎందుకొస్తయో ఇంకోపారి జెప్పు."

"జెప్త గని, రొట్టె తినుకుంట ఇను."

తిన్నది. చాలా రోజుల తర్వాత నా బిడ్డ కడుపు నిండా తినడం చూశాను. మరలు వస్తాయన్నందుకు తిన్నది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే పంచాయితీ. బావ దారి పొడుగునా ఆలోచించుకొని ఒక కొత్త వాదన తెచ్చేవాడు. అంత దూరంలో మరలు తుప్పు పడతాయి అనేవాడు. చుక్కల మధ్య గాలీ నీళ్లూ లేవు, తుప్పు ఎక్కడిది మామా, అని పిల్ల కొట్టిపారేసేది. కొందరి కోసం అంత దూరం పోతే ఇక్కడ కోత ఎవరు చేస్తారు అనేవాడు. ఒక మరను పంపితే సరిపోతుంది కదా అని పిల్ల అనేది. ఎక్కువసార్లు బావే ఓడిపోయేవాడు. ఓడినా మొహం వెలిగిపోతూ బస్సెక్కేవాడు. ఊళ్లో కూడా ఆయన ఊరుకోలేదు. చాయ హోటల్లో, చేనేత సంఘంలో అందరినీ అడిగి వచ్చాడు.

"మా సంఘంల సగం మంది వస్తయంటున్నరు కోడలా, సగం మంది రావంటున్నరు. సెక్రటరీ మాత్రం, గా మరలు సబ్సిడీ మీద నడుస్తున్నయా, సొంతంగ నడుస్తున్నయా అని అడిగిండు."

పిల్ల నవ్వింది. పక్క మంచం పిల్ల కూడా నవ్వింది. ఆ పిల్లది మా బిడ్డ వయసే. అదే జబ్బు. ఈ వాదనల్లో ఆమె ఎప్పుడూ మరల పక్షమే. "వస్తయంకుల్, కచ్చితంగ వస్తయి" అనేది.

ఒక వారం ఆ మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మార్చి, దిండు నిలబెట్టి ఉంచారు. మేము పిల్లకు ఏదో చెప్పాం, ఇంటికి పంపారని. బావ వచ్చాక పిల్ల ఆయన్నే అడిగింది. "మామా, ఆమె ఓడ?"

బావ నా వైపు చూడలేదు, నా భార్య వైపు చూడలేదు. "దొరికింది బిడ్డా" అన్నాడు. "వాటికి దొరికింది."

ఆ రోజు వాదన లేదు. పిల్ల చేయి పట్టుకొని, దుప్పటి అంచున లేచిన పోగులు ఒక్కొక్కటీ ముడి వేసుకుంటూ సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఆయన చేతులు ఊరికే ఉండేవి కావు. వెళ్లేటప్పుడు పిల్ల ఒకే మాట అంది. "ఇప్పుడు ఓడల నేనొక్కదాన్నే ఉన్న మామా."

అప్పటికి దాని జుట్టు మొత్తం రాలిపోయింది. బావ కొన్ని వారాలు రాలేదు. మగ్గం మీద ఉన్న చీరను పక్కన పెట్టి, మేనకోడలి తలకు రుమాలు నేస్తున్నాడని అక్క ఫోన్‌లో చెప్పింది.

మా దగ్గర బట్ట మీద బొమ్మను నేసేటప్పుడు వేయరు. నేయకముందే దారం మీద వేస్తారు. దారాన్ని చాపి, రంగు అంటకూడని చోట గట్టిగా కట్లు కట్టి, రంగు నీళ్లలో ముంచుతారు. కట్టే పని సగం తగ్గాలని దారాన్ని మధ్యకు మడిచి కడతారు. అందుకే సగం బొమ్మ కడితే విప్పేసరికి రెండో సగం అద్దంలో చూసినట్టు ఎదురుగా వస్తుంది. చిలక కడితే ఎదురెదురుగా రెండు చిలకలు వస్తాయి. ఏనుగు కడితే రెండు ఏనుగులు. అదే అందం. తరతరాలుగా మా చేతులకు అదే అలవాటు. బావ చిన్నప్పటి నుంచి ఎన్ని చిలకలు కట్టాడో.

కానీ ఆయన ఈసారి కట్టింది చిలక కాదు. అంచు దగ్గర పళ్ల చక్రం లాంటి మర, దాని ముందు పారిపోతున్న ఓడ. చేతులు అలవాటు కొద్దీ దారాన్ని మధ్యకు మడిచాయి. అలా మడిస్తే ఆ మరా, ఆ ఓడా రెండో దిక్కున కూడా ఎదురుగా వస్తాయని ఆయనకు ఆ వేళ తోచలేదు. కట్లు విప్పి నేసేసరికి రెండు అంచుల్లోనూ మరలు, నడుమ రెండు ఓడలు ముక్కుకు ముక్కు ఆనుకొని నిలబడ్డాయి.

ఎర్ర రుమాలు, నల్ల మరలు, తెల్ల ఓడలు. ఆయన దాన్ని సంచిలో అడుగున దాచుకొని వచ్చాడు. పిల్లే సంచి లాక్కొని బయటికి తీసింది. మంచం మీద పరిచి చూసింది.

"మామా! ఇదేం పారిపోవుడు? రెండు దిక్కుల నుంచి వస్తున్నయి. ఇరికిపోయిండ్రు!" అని నవ్వింది. కడుపు పట్టుకొని నవ్వింది.

బావ మొహం చిన్నబోయింది. "మడత ఆగమైంది కోడలా. మళ్ల నేస్త, గిది ఇటియ్యి." రుమాలు తీసుకోబోతే, చేయి దాని మీదే ఆగిపోయింది. చాలాసేపు చూశాడు. ఓడల మీద వేలు పెట్టాడు. "ఇరుకుడు గాదు బిడ్డా. సక్కగ జూడు. ఎదురైండ్రు. ఒక్కదాన్నే ఉన్ననంటివి గదా. గా దిక్కు నుంచి ఇంకెవలో గూడ వస్తున్నరు."

పిల్ల రుమాలు ఇవ్వలేదు. తలకు కట్టుకుంది.

"మరి మరలొస్తే ఏం జేస్తరు మామా?"

"నువ్వు జెప్పు."

"మళ్ల పోతరు. ఇంకో గెలాక్సీకి."

"గంతే. మొదటిసారి తెల్వక పోయిండ్రు. రెండోసారి తెలిసి పోతరు. పోవుడైతే ఇప్పుడు వాళ్లకొచ్చింది గదా."

మందులు పూర్తయ్యాయి. అది పోయిందన్నారు. కానీ ఐదేళ్లు చూడాలి, తిరిగి రావచ్చు అన్నారు. ఆ ఐదేళ్లు ఎలా గడిచాయో చెప్పలేను. పిల్లకు జుట్టు మొలిచింది, ఇంటర్ అయింది, డిగ్రీలో చేరింది. ఊరికే జలుబు చేసినా మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. పరీక్షకు వెళ్లిన ప్రతిసారీ రుమాలు దాని సంచిలో ఉండేది. దవాఖాన బట్ట ఇంట్లో వద్దని నా భార్య ఎంత మొత్తుకున్నా వినలేదు. పరీక్ష అయిన సాయంత్రం బావ ఫోన్ చేసేవాడు.

"కోడలా, వచ్చినయా?"

"ఇయ్యాల్టి దాకా రాలేదు మామా."

"మంచిగైంది. బువ్వ తిను."

అంతే మాటలు. ఎప్పటికీ రావని పిల్లా అనలేదు, ఆయనా అననివ్వలేదు. ఇవాళ రాలేదు కదా, ఇవాళ తిందాం, అనేవాడు.

ఈ ఏడు ఎండాకాలంలో బావ దగ్గుతున్నాడని తెలిసింది. చాలా రోజులుగా దగ్గుతున్నాడు. మాకు చెప్పొద్దని అక్కకు ఒట్టు పెట్టాడట. భువనగిరిలో చూపిస్తే హైదరాబాద్ పొమ్మన్నారు. హైదరాబాద్‌లో ఊపిరితిత్తుల్లో అదే ఉందన్నారు. ఆలస్యమైందన్నారు. ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

పిల్ల వెళ్లి ఆయన మంచం పక్కన కూర్చుంది. మంచాన్ని మగ్గం, నేసేటప్పుడు కాళ్లు దింపే దాని గుంట ఉన్న ముందరి గదిలోనే వేయించుకున్నాడు. బక్కచిక్కి, చేతులే మిగిలినట్టు ఉన్నాడు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను.

"నా మరలు వచ్చినయి బిడ్డా" అన్నాడు.

నా బిడ్డ ఏడవలేదు. ఆయన దగ్గర నేర్చుకున్న పిల్ల కదా. "వస్తే ఏం జేస్తరు మామా?" అని అడిగింది.

బావ ఊపిరి కూడదీసుకున్నాడు. మగ్గం వైపు చూశాడు. "ఎంత నేస్తే గంత. గంతే. నా ఓడ గింతే దూరం బిడ్డా." తర్వాత దాని చున్నీ అంచు రెండు వేళ్ల మధ్య రుద్ది, "మర బట్ట" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నవ్వితే ఆయనకు దగ్గు వచ్చింది. దగ్గితే రక్తం వచ్చింది. పిల్ల తుడిచింది. "నీ ఆఖరి పరీక్ష ఎప్పుడు? గది ఇన్నంకనే పోత" అన్నాడు.

ఆగలేకపోయాడు. డాక్టరమ్మ కాగితాలు తిరగేస్తున్న ఆ పొద్దున్నే పోయాడు.

మేము దవాఖాన నుంచి నేరుగా భువనగిరి బస్సెక్కాం. మిఠాయి డబ్బా నా ఒళ్లోనే ఉంది. పారేయలేను. ఎవరికీ పెట్టలేను. భువనగిరి గుట్ట కనబడగానే నా భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. పిల్ల మాత్రం కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నాకు అప్పుడూ లోపల సంతోషమే కొట్టుకుంటోంది. పక్కన బిడ్డ ఉంది, గాలికి దాని జుట్టు నా మొహం మీద పడుతోంది. ఆ జుట్టు మొహం మీద పెట్టుకొనే నేను మా బావ కోసం ఏడ్చాను.

ఇంటి ముందు జనం ఉన్నారు. డబ్బా దాచబోతుంటే అక్క చూసింది. "ఎందుకు దాస్తవ్ తమ్మీ? లోపల పెట్టు. పెద్దకర్మ నాడు అందరికీ పెడదం. ఆయన మేనకోడలు బతికిన మిఠాయి అది" అంది.

స్నానం చేయించి, కొత్త బట్ట కప్పి, పాడె మీద పడుకోబెట్టారు. పిల్ల సంచిలోంచి రుమాలు తీసింది. సావుకు ఎర్రదేందని ఒక ముసలమ్మ గొణిగింది. "అది ఆయన నేసిందే, కట్టనియ్యిండ్రి" అని అక్క అంది. పిల్ల రుమాలును మోకాళ్ల మీద పరిచింది. ఆ అంచున్న మరలను లోపలికి మడిచింది. ఈ అంచున్న మరలనూ లోపలికి మడిచింది. నడుమ పట్టీ మిగిలింది. దాన్ని ఆయన నుదుటికి చుట్టి వెనుక ముడి వేసి, చెవి దగ్గరికి వంగింది.

"ఇయ్యాల్టి దాకా రాలేదు మామా."

పాడె లేచింది. కాళ్లు ముందు, తల వెనుక. నా బిడ్డ గుమ్మంలో మగ్గం గుంట పక్కన నిలబడింది. ఆ తెల్ల ఓడలు రెండూ, ముక్కుకు ముక్కు ఆనుకొని, మనుషుల భుజాల మీద మెల్లగా ఊగుతూ, సందు మలుపు తిరిగేదాకా దానికి కనబడుతూనే ఉన్నాయి.